అంతరిక్ష ఎమర్జెన్సీ డ్రిల్: అలారం మోగాక పిల్లలు కంగారు పడకుండా ఉండాలంటే

బడిలో ఉత్తుత్తి అంతరిక్ష యాత్ర (మాక్ మిషన్) ఆడేటప్పుడు అలారం మోగగానే పిల్లలందరూ ఒకేసారి మాట్లాడతారు. టీచరు "కంగారు పడకండి" అని అరుస్తారు. గోల ఇంకాస్త పెరుగుతుంది. చేతికి ఏ పని, నోటికి ఏ మాట, కంటికి ఏ కాగితం అన్నది ముందే తేలిపోయి ఉంటే కంగారు దానంతటదే సగం తగ్గుతుంది. ఈ గైడ్ అంతా ఆ ఏర్పాటు గురించే. హైదరాబాద్‌లో మామూలు బడిలో, రెండు తరగతి గదుల్లో, 12 మందితో, వరసగా రెండు పీరియడ్లు దొరికితే నడిపించగలిగేలా రాశాం. ఎనిమిది నుంచి పది తరగతుల వాళ్లకు సరిపోతుంది.

గదులు

ఒక గది స్టేషన్ (అంతరిక్ష కేంద్రం), ఇంకోటి మిషన్ కంట్రోల్ (భూమ్మీద నుంచి దాన్ని నడిపించే చోటు). ఒక గదిలో మాట ఇంకో గదికి వినపడకూడదు. గోడ అవతల నుంచి మాటలు వినపడితే పిల్లలు రేడియో వదిలేసి గోడకు చెవి పెడతారు. పక్కపక్క గదులు కాకుండా, మధ్యలో ఒక గది వదిలి తీసుకోండి.

స్టేషన్ గదిలో బెంచీలు పక్కకు జరిపి, నేల మీద సుద్దతో వరసగా నాలుగు గళ్లు గీయండి: ల్యాబ్, స్టోర్, క్వార్టర్స్, షిప్. చివరిదైన షిప్ భూమికి తిరిగొచ్చే నౌక. గళ్ల మధ్య మూడు హ్యాచ్‌లు (గాలి పోకుండా మూసే తలుపులు). ఒక్కో హ్యాచ్‌కు తాడు కట్టి పాత దుప్పటి వేలాడదీస్తే చాలు. నిజం తలుపు వాడొద్దు, ఎక్కడా బోల్టు పెట్టొద్దు. లైట్లు పూర్తిగా ఆర్పడం, అగరుబత్తి పొగ పెట్టడం లాంటి హంగులు కూడా వద్దు. ఆస్తమా ఉన్న పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు, అందరూ చెప్పుకోరు. ఏప్రిల్‌లో ఒంటిపూట బడుల రోజుల్లో అయితే పొద్దున మొదటి పీరియడ్‌లోనే పెట్టండి. కిటికీలు మూసిన గదిలో పన్నెండింటికి వచ్చే తలనొప్పికీ డ్రిల్ వల్ల వచ్చే టెన్షన్‌కూ తేడా మీకే తెలియదు.

ఇంకో నియమం మొదట్లోనే అందరికీ చెప్పాలి. ఎవరికైనా నిజంగా ఒంట్లో బాగోకపోయినా, దెబ్బ తగిలినా "డ్రిల్ స్టాప్" అనాలి. ఆ మాట ఎవరన్నా, ఎందుకన్నా, అన్నీ ఆగిపోవాలి. నాటకంలో భాగంగా "నాకు ఊపిరాడట్లేదు" అనడం నిషేధం, ఎందుకంటే ఒకరోజు ఎవరైనా నిజంగానే అంటారు.

ఎవరు ఏ పనిలో

స్టేషన్‌లో నలుగురు: కమాండర్, ఇద్దరు ఇంజనీర్లు, మెడికల్ ఆఫీసర్. కంట్రోల్‌లో ఆరుగురు: ఫ్లైట్ డైరెక్టర్ (కంట్రోల్‌కు పెద్ద), క్యాప్‌కామ్ (స్టేషన్‌తో రేడియోలో మాట్లాడేవాళ్లు), గాలి-ప్రెజర్ చూసేవాళ్లు, పవర్ చూసేవాళ్లు, డాక్టర్, లాగ్ (ఏ నిమిషానికి ఏం జరిగిందో) రాసేవాళ్లు. మిగతా ఇద్దరు బ్యాకప్. బ్యాకప్ అంటే ఖాళీగా కూర్చునే పని అనుకుంటారు పిల్లలు. మన నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టీ-11లో ఎగిరినప్పుడు రవీశ్ మల్హోత్రా ఆయనతో పాటే అంతా నేర్చుకుని బ్యాకప్‌గా సిద్ధంగా ఉన్నారని చెప్పండి. డ్రిల్ మధ్యలో ఒకసారి కావాలనే మెడికల్ ఆఫీసర్‌ను తప్పించి బ్యాకప్‌ను దింపండి, అప్పుడు ఆ కుర్చీకి విలువ వస్తుంది.

టీచరు సిమ్‌సప్. అంటే ఏ నిమిషానికి ఏ లోపం వస్తుందో తెలిసిన ఒకే ఒక్క మనిషి. స్టేషన్ గదిలో గాలి ఒత్తిడి అంకెలు రాసిన ప్రెజర్ కార్డులు చూపించడానికి పై తరగతి విద్యార్థి ఒకరు కావాలి. తరగతిలో 40 మంది ఉంటే మిగతావాళ్లకు తలా ఒక పరిశీలన కాగితం ఇచ్చి గోడ వెంబడి నిలబెట్టండి. ఒకళ్ల మాట మధ్యలో ఇంకొకళ్లు దూరిన ప్రతిసారీ ఒక గీత గీయడమే వాళ్ల పని. ఆ గీతలు తర్వాత చాలా పనికొస్తాయి.

ఫస్ట్ ర్యాంకు వచ్చే పిల్లను కమాండర్‌గా పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. పెట్టొద్దు, కనీసం మొదటిసారి. అన్నీ తనే చేసేస్తుంది, మిగతా ముగ్గురూ చూస్తూ ఉండిపోతారు. కమాండర్‌కు చేతిపని ఏదీ ఉండకూడదు. ఏం చేయాలో వరసగా రాసిన ఎర్ర కార్డు చదవడం, చేయించడం, చేశారో లేదో చూడటం, అంతే. చేతులు వెనక్కి కట్టుకోమంటే తేడా వెంటనే కనపడుతుంది.

అలారం

9 వోల్టుల బ్యాటరీ, దాని క్లిప్, రెండు స్విచ్‌లు, ఒక బజర్, ఒక ఎర్ర ఎల్‌ఈడీ, 470 ఓమ్‌ల రెసిస్టర్. కోఠీ గుజరాతీ గల్లీలో ఒక్క దుకాణంలోనే అన్నీ దొరుకుతాయి. బజర్ కొనేటప్పుడు యాక్టివ్ బజర్ అని అడగాలి, 9 వోల్టులకు పనికొస్తుందో లేదో చూడాలి. ప్యాసివ్ బజర్‌కు బ్యాటరీ తగిలిస్తే ఒక చిన్న టిక్కు తప్ప ఏమీ రాదు, బ్యాటరీ అయిపోయిందనుకుని ఇంకోటి కొంటారు. రెసిస్టర్ ఎల్‌ఈడీకి వరసలో పెట్టాలి, బజర్‌కు అక్కర్లేదు. ఎల్‌ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది, మిగతా 7 వోల్టులకు 470 ఓమ్‌లు అంటే 15 మిల్లీ ఆంపియర్లు, సరిపోతుంది. శబ్దం మరీ కర్ణకఠోరంగా ఉంటే బజర్ రంధ్రం మీద సెల్లో టేపు ముక్క అంటించండి.

ఈ మోత మీ బడి గంటలా ఉండకూడదు. ఎలక్ట్రిక్ బెల్లు ఉన్న బళ్లలో డ్రిల్ మధ్యలో పీరియడ్ బెల్లు మోగితే సగం మంది దాన్నే అలారం అనుకుని పరిగెడతారు, మిగతా సగం సంచులు సర్దుకుంటారు. ఆ రోజు ఆఫీసులో ముందే చెప్పి ఆ బెల్లు ఆపించడం మేలు.

మొదటి 30 సెకన్లు

అంతరిక్ష కేంద్రంలో దాదాపు ఏ ప్రమాదానికైనా వరస ఒకటే: ముందు అందరికీ చెప్పు, తర్వాత ఒకచోట చేరు, ఆ తర్వాతే పని చెయ్యి. పిల్లలు సహజంగా చివరి దానితో మొదలుపెడతారు. అందుకే మిగతాది ఏదీ నేర్పకముందే ఈ 30 సెకన్లు ఒక్కటే పదిసార్లు ఆడించాలి. లోపం ఏదీ ఉండదు, అలారం మోగుతుంది, ఈ ఐదు పనులు జరుగుతాయి, ఆగిపోతుంది:

1. అలారాన్ని ముందు చూసినవాళ్లు దాని పేరు, టైము పైకి చదవాలి: "లీక్ అలారం, పది నలభై రెండు."
2. కమాండర్ మోత ఆపించాలి. మోత సాగుతుంటే అందరూ దాని మీదుగా అరుస్తూనే ఉంటారు. ఎర్ర లైటు మాత్రం వెలుగుతూనే ఉండాలి, అందుకే బజర్‌కు విడిగా స్విచ్ పెట్టుకోండి.
3. అందరూ షిప్ వైపు చేరి తమ హోదా చెప్పాలి. నాలుగు గొంతులు వినపడ్డాకే ముందుకు.
4. కంట్రోల్‌కు ఒకే వాక్యం: ఏమైంది, ఎంతమంది ఎక్కడున్నాం, ఇప్పుడేం చేయబోతున్నాం.
5. ఎర్ర కార్డు తెరవాలి.

రెండో పనికీ మూడో పనికీ మధ్య ఒక్క ఊపిరి. ముక్కుతో పీల్చి నోటితో నెమ్మదిగా వదలాలి, అంతకుమించి వద్దు. అలారం మోగుతుండగా కళ్లు మూసుకుని ధ్యానం చేసే టైము ఉండదు. శ్వాస సాధన డ్రిల్‌కు ముందే అయిపోవాలి. నాలుగు లెక్కపెడుతూ పీల్చడం, ఆరు లెక్కపెడుతూ వదలడం, రెండు నిమిషాలు. ఊపిరి బిగబట్టించొద్దు. దానికి ముందూ తర్వాతా మణికట్టు దగ్గర నాడి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించి రాసుకోమనండి. నాడి తగ్గడం తన వేళ్లతో తను చూసుకున్న పిల్లవాడికి ఇక ఉపన్యాసం అక్కర్లేదు.

భయపడితే శ్వాస వేగంగా, పైపైన ఆడుతుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గిపోయి వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. "నాకేదో అవుతోంది" అని ఇంకా భయం వేస్తుంది. ఇది ముందే తెలిస్తే ఆ తిమ్మిరిని గుర్తుపట్టి ఊపిరి నెమ్మది చేస్తారు.

మాట

రేడియోలో రెండు వైపులా ఒక్కొక్కరే మాట్లాడాలి: ఇటు కమాండర్, అటు క్యాప్‌కామ్. వాకీటాకీ అయితే బటన్ నొక్కి ఒక క్షణం ఆగి మాట్లాడాలి, లేకపోతే మొదటి అక్షరాలు తెగిపోతాయి. రెండు ఫోన్లు స్పీకర్‌లో పెట్టినా పనవుతుంది, మాట్లాడనప్పుడు మ్యూట్ చేయాలి.

ముందు పిలుస్తున్నది ఎవరిని, తర్వాత పిలిచేది ఎవరు. విన్నది తిరిగి చెప్పాలి:

"కంట్రోల్, స్టేషన్. ప్రెజర్ ఏడు-నాలుగు-రెండు, తగ్గుతోంది."
"స్టేషన్, కంట్రోల్. ఏడు-నాలుగు-రెండు, తగ్గుతోంది. హ్యాచ్ ఒకటి మూయండి."
"హ్యాచ్ ఒకటి మూస్తున్నాం."

అంకెలు విడివిడిగా పలకడం చాదస్తం అనిపించొచ్చు. నాసిరకం స్పీకర్లో "ఇరవై", "అరవై" ఒకేలా వినపడతాయి. ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ అంతే. హైదరాబాద్ తరగతిలో మూడు భాషలూ ఒకే వాక్యంలో దొర్లుతాయి కాబట్టి అంకెలు ఏ భాషలో చెప్పాలో డ్రిల్‌కు ముందే తేల్చుకోండి. పిల్లలకు ఏది తేలికైతే అది, కానీ ఒక్కటే. "అరే", "ఒరేయ్ ఆగరా" లాంటివి రేడియోలో వద్దు. మర్యాద కోసమని కాదు, ఎవరిని అంటున్నారో తెలియదని. డ్రిల్ నడిచినంతసేపూ పేర్లు కూడా ఉండవు, హోదాలే.

కంట్రోల్‌లో పిల్లలు చేసే పెద్ద తప్పు ప్రతి పది సెకన్లకూ "ఏమైంది? ఏమైంది?" అని అడగడం. పైన పని చేస్తున్న నలుగురి ధ్యాసను అదే తినేస్తుంది. క్యాప్‌కామ్ ముందు ఒక టైమర్ పెట్టండి, తనంతట తను పిలవాలంటే నిమిషానికి ఒకసారే.

గాలి లీక్: పూర్తి డ్రిల్

మూడు ప్రమాదాల్లో (లీక్, మంట, విషవాయువు) ముందు లీక్‌తోనే మొదలుపెట్టండి, ఎందుకంటే ఇందులో లెక్క ఉంది. కంగారుకు లెక్కను మించిన మందు లేదు.

స్టేషన్‌లో గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉన్నట్టే, 760 మిల్లీమీటర్ల పాదరసం. మన డ్రిల్‌కు హద్దు 490 అనుకుందాం. అంతకు తగ్గితే షిప్ ఎక్కి వెళ్లిపోవాలి. నిమిషానికి 6 చొప్పున తగ్గేలా కార్డులు రాసుకోండి: 760, 754, 748, 742... గదిలో తెలివైనవాడొకడు ఫోన్‌లో బారోమీటర్ చూసి "సార్, ఇక్కడే 760 లేదు" అంటాడు. నిజమే, హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ ఒత్తిడి 710 దరిదాపుల్లో, ఫోన్ లెక్కలో 950 హెక్టోపాస్కల్స్ ఉంటుంది. డ్రిల్‌కు ముందే చెప్పేయండి, మధ్యలో ఈ వాదన మొదలైతే లీక్ సంగతి గాలికి పోతుంది.

ఎర్ర కార్డులో మొదటి ప్రశ్న "లీక్ ఎక్కడ?" అయ్యుండకూడదు. "మనకు టైము ఎంతుంది?" అయ్యుండాలి. 760లోంచి 490 తీస్తే 270. నిమిషానికి 6 చొప్పున 45 నిమిషాలు. ఈ అంకె బోర్డు మీద పడగానే గదిలో గొంతులు తగ్గడం స్పష్టంగా వినపడుతుంది. అప్పటిదాకా వాళ్ల ఊహలో గాలి ఇప్పుడో ఇంకో క్షణానికో అయిపోతుంది. నిజానికి రంధ్రం అంతే ఉంటే, లోపల ఒత్తిడి తగ్గేకొద్దీ గాలి పోయే వేగం కూడా తగ్గుతుంది. అందుకే ఈ తిన్నని లెక్క మనకు కాస్త తక్కువ టైమే చూపిస్తుంది, ఆ పొరపాటు మంచి వైపే.

తర్వాత వెతుకులాట. అందరూ షిప్ వైపు ఉండి, దూరంగా ఉన్న హ్యాచ్ నుంచి మొదలుపెట్టాలి. ల్యాబ్‌కూ స్టోర్‌కూ మధ్య ఉన్న హ్యాచ్ ఒకటి మూయాలి, రెండు రీడింగులు ఆగి చూడాలి. తమ వైపు ఒత్తిడి నిలిస్తే లీక్ ల్యాబ్‌లోనే. ఇంకా తగ్గుతుంటే హ్యాచ్ రెండు, తర్వాత మూడు. ఒక్కోదానికి మూడు నిమిషాలు వేసుకున్నా మూడింటికీ తొమ్మిదే, చేతిలో ఉన్నవి 45. ఈ మాట కమాండర్ పైకి అనాలి.

ఇక్కడ తప్పులు దాదాపు ఎప్పుడూ ఇవే. తొందరలో రెండు హ్యాచ్‌లు ఒకేసారి మూసేస్తారు. ఒత్తిడి నిలుస్తుంది, చప్పట్లు కొడతారు, కానీ లీక్ ల్యాబ్‌లోనా స్టోర్‌లోనా తెలియదు. లేదా ఒక్క రీడింగు చూసి నిర్ణయిస్తారు. కార్డు మార్చే విద్యార్థికి నాలుగు సెకన్లు ఆలస్యమైతే పాత అంకె చూసి "ఆగిపోయింది" అంటారు. అన్నిటికన్నా ఘోరం, ఒకరిని హ్యాచ్ అవతలే వదిలేసి మూయడం. నాలుగు గొంతులు వినపడ్డాకే హ్యాచ్ మూయాలి అనేది ఇందుకే.

రెండోసారి ఆడేటప్పుడు ఎక్స్‌టెన్షన్ బాక్స్ వైరు ఒకటి హ్యాచ్ గుండా లాగి పెట్టండి, ఏమీ చెప్పకండి. 1997 జూన్ 25న రష్యా అంతరిక్ష కేంద్రం మీర్‌ను సరకు నౌక ఢీకొని స్పెక్టర్ మాడ్యూల్‌కు (కేంద్రంలో ఒక గదికి) రంధ్రం పడినప్పుడు, హ్యాచ్ గుండా పోయే కేబుళ్లు తీసేస్తే గానీ ఆ మాడ్యూల్‌ను మూసే వీలు లేకపోయింది. కొన్నింటిని విప్పారు, కొన్నింటిని కోసేశారు. మన దగ్గర కోయకూడదు, ప్లగ్గు తీయాలి. ఆ వైరు మీద ఏ పరికరం నడుస్తోందో అడగకుండా తీస్తే, పవర్ చూసే పిల్లకు "లైట్లు పోయాయి" అని చీటీ పంపండి.

పదో నిమిషానికి మెలిక పెట్టొచ్చు. అప్పటికి ఒత్తిడి 700. ఇప్పటి నుంచి నిమిషానికి 12 చొప్పున తగ్గించండి. 210ని 12తో భాగిస్తే పదిహేడున్నర నిమిషాలు. పాత 45లోంచి పది తీసేసి "ఇంకా 35 ఉంది" అంటూ కూర్చునే జట్టు ప్రశాంతంగా కనపడుతుంది కానీ మునిగిపోతోంది. రేటు మారితే లెక్క మళ్లీ వేయాలని కార్డు మీద పెద్దక్షరాల్లో ఉండాలి.

మంట, అమ్మోనియా

మంట డ్రిల్‌లో ఒక్కటే విచిత్రం. భూమ్మీద వేడి గాలి పైకి లేచి మంటకు కొత్త గాలి అందుతుంది. భారం తెలియని చోట అలా జరగదు, ఫ్యాన్లే గాలిని అందిస్తాయి. కాబట్టి మాస్కులు పెట్టుకుని, ఆ మాడ్యూల్‌లో ఫ్యాన్లు, కరెంటు ఆపడం ముందు. ఆర్పే సిలిండర్ ఆ తర్వాత. బడిలో సీలింగ్ ఫ్యాను స్విచ్ ఆపించడంతో ఇది చక్కగా గుర్తుండిపోతుంది.

విషవాయువుకు, అంటే అమ్మోనియాకు మాత్రం వరస వేరు: మాస్కు ముందు, మాట తర్వాత. 2015 జనవరి 14న అంతరిక్ష కేంద్రంలో అమ్మోనియా లీక్ అలారం మోగితే సిబ్బంది రష్యన్ భాగంలోకి వెళ్లి హ్యాచ్ మూసుకున్నారు. చివరికి అది తప్పుడు అలారమని తేలింది. మీరూ నెలకోసారి తప్పుడు అలారం పెట్టండి. పూర్తి వరస పాటించిన జట్టును ఎవరైనా ఎగతాళి చేస్తే అక్కడే ఆపండి.

ఎవరైనా బిగుసుకుపోతే

నవ్వేవాళ్లను తిట్టకండి. ఎక్కువసార్లు ఆ నవ్వు కూడా టెన్షనే. బిగుసుకుపోయిన పిల్లకు "ఏం చేయాలో చెప్పు" అని ప్రశ్న వేయొద్దు, చిన్న పని ఇవ్వాలి: "ప్రెజర్ అంకె చదువు." చదివాక ఇంకోటి. 2013 జులై 16న స్పేస్‌వాక్‌లో (కేంద్రం బయట పని చేస్తుండగా) వ్యోమగామి లూకా పర్మిటానో హెల్మెట్‌లోకి లీటరుకు పైగా నీళ్లు చేరాయి. కళ్లకు, ముక్కుకు నీళ్లు అడ్డం వచ్చి, మాట కూడా సరిగా వినపడని స్థితిలో, నడుముకున్న తాడు ఎటు లాగుతోందో చూసుకుంటూ ఎయిర్‌లాక్ (లోపలికి వచ్చే గది) చేరాడు. పట్టుకోవడానికి ఒక తాడు ఉంటే చాలు. పిల్లలకు ఆ తాడు కార్డులో తర్వాతి లైను. ఎక్కడ ఆగారో తెలియడానికి చదివిన ప్రతి లైను పక్కనా పెన్సిల్‌తో టిక్కు పెట్టించండి.

అయ్యాక

పది నిమిషాల్లోపే కూర్చోవాలి, రేపటికి వాయిదా వేస్తే అందరి జ్ఞాపకంలో అందరూ వీరులే. లాగ్ చూసి మాట్లాడాలి: ఈ నిమిషానికి నీకు ఏం కనపడింది, ఏమనుకున్నావు. "ఎందుకలా చేశావు" అని అడిగితే సాకులు వస్తాయి. పరిశీలకులు గీసిన గీతలు లెక్కపెట్టి బోర్డు మీద రాయండి.

డ్రిల్‌లో ఓడిపోవడం వృథా కాదు. 1969 జులై మొదట్లో, మనుషుల్ని మొదటిసారి చంద్రుడి మీద దింపిన అపోలో 11కు ముందు జరిగిన ఒక సిమ్యులేషన్‌లో కంప్యూటర్ ప్రోగ్రామ్ అలారం వచ్చింది. మిషన్ కంట్రోల్‌లో ఉన్న స్టీవ్ బేల్స్ ల్యాండింగ్ రద్దు చేయమన్నాడు. అక్కర్లేదని తర్వాత తేలింది. అప్పుడు ప్రతి అలారం కోడ్‌కూ ఏం చేయాలో రాసి పెట్టుకోమన్నారు, కంప్యూటర్ నిపుణుడు జాక్ గార్మన్ చేత్తో ఆ జాబితా రాసుకున్నాడు. జులై 20న నిజంగా దిగుతుండగా 1202 అలారం వచ్చినప్పుడు కొన్ని క్షణాల్లోనే "గో" (ఆపక్కర్లేదు, దిగండి) అనగలిగారు.

మీ జట్టూ అలాగే, ప్రతి డ్రిల్ తర్వాత కార్డులో ఒక్క మార్పు చేయాలి, ఒక్కటే. వచ్చే వారం కొత్త లోపం పెట్టకుండా అదే లీక్ మళ్లీ నడపండి, ఆ మార్పు పని చేసిందో లేదో తెలుస్తుంది. కార్డు మీద తేదీ, వెర్షన్ నంబర్ వేసి, పాత కార్డులన్నీ అప్పుడే చించేయండి. రెండు గదుల్లో రెండు వెర్షన్లు ఉంటే, కంట్రోల్ నాలుగో లైను చదువుతుంటే స్టేషన్ ఐదో లైను చేస్తుంది, ఇద్దరూ తమదే సరైనదని వాదిస్తారు.